ఇల్లు నిండుతున్నా వెలితి ఎందుకు తీరదు? కోరికకూ చెల్లింపుకూ మధ్య దూరం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఐదేళ్లలో ఆదాయం దాదాపు రెట్టింపైంది, ఇంట్లో వస్తువులు అంతకంటే వేగంగా పెరిగాయి, వాటితోపాటు వాయిదాలూ పెరిగాయి. అయినా ఏదో తక్కువైందన్న భావన పోవడం లేదు. ఇది నా మనసు బలహీనతా, లేక సమాజమే ఇలా మారిపోయిందా? బయటపడే దారి ఏమిటి?

మొదటి ప్రశ్న తేల్చుకోకుండా రెండోదానికి వెళితే దారి తప్పుతాం. తమది బలహీనత అనుకున్నవారు రేపటి నుంచి నిగ్రహంగా ఉండాలని ఒట్టు పెట్టుకుంటారు. అది కొన్నాళ్లు నిలుస్తుంది. తరువాత ఒళ్లు అలిసిపోయిన ఏదో ఒక రాత్రి వీగిపోతుంది. ఆపైన సిగ్గు మిగులుతుంది, ఆ సిగ్గును మరిచిపోవడానికి మళ్లీ ఏదో కొంటారు. తప్పంతా సమాజానిదే అనుకున్నవారు అసలేమీ చేయరు.

నేను చూసే తీరు వేరు. ఒక వస్తువు కావాలనిపించడానికీ, డబ్బు చేయి దాటడానికీ మధ్య ఒకప్పుడు సహజంగానే కొంత వ్యవధి ఉండేది. డబ్బు కూడబెట్టాలి, వెళ్లాలి, నాలుగు చోట్ల చూడాలి, మోసుకురావాలి. ఆ వ్యవధిలో చాలా కోరికలు వాటంతట అవే చల్లారిపోయేవి. గత వందేళ్లలో వ్యాపారం అన్నిటికంటే శ్రద్ధగా చేసిన పని ఆ వ్యవధిని కరిగించడం. కాబట్టి మీరు చేయాల్సింది దాన్ని మళ్లీ కట్టుకోవడం. కింద చెప్పే ప్రతి పనీ ఇందుకోసమే.

ఆ కరిగించడం ఎలా జరిగిందో తెలిస్తే మీ మీద మీకు కోపం సగం తగ్గుతుంది. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారును 1908 నుంచి 1927 దాకా పెద్దగా రూపం మార్చకుండానే అమ్మింది. జనరల్ మోటార్స్ దారి వేరు. 1919లో కార్లకు అప్పు ఇచ్చే సొంత సంస్థను పెట్టింది. 1920ల్లో ఆల్‌ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలో ఏటా కొత్త మోడల్ తెచ్చే పద్ధతి మొదలుపెట్టింది. నిక్షేపంగా నడుస్తున్న కారును చూసి దాని యజమానికే పాతదన్న భావన కలగాలి, కొత్తదానికి చేతిలో డబ్బు లేకపోయినా అడ్డు ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి జరిగాయి. తరువాత క్రెడిట్ కార్డులు వచ్చాయి. 1999లో అమెజాన్ ఒకే నొక్కుతో కొనే పద్ధతికి పేటెంట్ పొందింది. 2006లో డిజైనర్ ఏజా రాస్కిన్ అంతం లేకుండా కిందికి జారుతూ పోయే పేజీని రూపొందించారు. పేజీ చివర రావడం అనేది ఒక చిన్న విరామం, అక్కడ మనిషి తల పైకెత్తి ఇక చాలనుకుంటాడు. ఆ విరామం కూడా పోయింది.

వస్తువుల ఆయుష్షు తగ్గించడం గురించి చెప్పేటప్పుడు అందరూ ఎత్తే ఉదాహరణ ఫీబస్ కార్టెల్, అంటే పోటీ కంపెనీలు చేతులు కలిపి పెట్టుకున్న కూటమి. 1924 చివర్లో ఆస్రామ్, ఫిలిప్స్ వంటి బల్బు కంపెనీలు జెనీవాలో ఒప్పందం కుదుర్చుకుని, అప్పటిదాకా 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బుల ఆయుష్షును 1,000 గంటలకు కట్టడి చేశాయి. అంతకంటే ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీలకు జరిమానా వేశాయి. ఇది నిజం. అయితే ఇందులో సాంకేతికమైన మెలిక ఒకటుంది. ఫిలమెంట్‌ బల్బు ఎక్కువ కాలం రావాలంటే దాన్ని తక్కువ వేడి మీద వెలిగించాలి, అప్పుడు అదే కరెంటుకు వెలుగు తగ్గుతుంది. ఆయుష్షు తగ్గించిన ప్రతిచోటా కుట్రే ఉందనుకుంటే పొరబడతాం. ప్రతిచోటా ఇంజనీరింగ్ అవసరమే అనుకున్నా పొరబడతాం. ఆ బేరంలో ఎటు మొగ్గాలో నిర్ణయించే చోట కొనేవాడి తరఫున ఎవరూ కూర్చోరు. అసలు సమస్య అదే.

ఇక మనసు సంగతి. వస్తువులు వాడటం వేరు, వస్తువ్యామోహం వేరు. 1992లో మార్షా రిచిన్స్, స్కాట్ డాసన్ అనే పరిశోధకులు దీన్ని కొలవడానికి 18 వాక్యాల కొలమానం తయారుచేశారు. అందులో మూడు పాయలున్నాయి. ఒకటి, మనిషి ఎంత గెలిచాడన్నది అతని దగ్గరున్న వస్తువులే చెబుతాయన్న నమ్మకం. రెండు, సంపాదించుకోవడమే జీవితానికి కేంద్రం కావడం. మూడు, ఆ ఒక్కటీ ఉంటే సంతోషంగా ఉండేవాడినన్న నమ్మకం. మీ ఇంట్లో ఎన్ని వస్తువులున్నాయన్న లెక్కకంటే ఈ మూడింట్లో మీది ఏదో తెలుసుకోవడం ముఖ్యం. ఎందుకంటే మందు దాన్నిబట్టే మారుతుంది. మొదటిది ఉన్నవారికి ఎవరితో పోల్చుకుంటున్నారన్నది మార్చాలి. రెండోది ఉన్నవారికి ఖాళీ సమయంలో ఏం చేస్తున్నారన్నది మార్చాలి. మూడోది ఉన్నవారికి గతంలో కొన్నవాటి లెక్క చూపిస్తే చాలు, చాలావరకు కళ్లు తెరుచుకుంటాయి.

వస్తువ్యామోహం ఎక్కువ ఉన్నవారిలో తృప్తి తక్కువ, ఆందోళన ఎక్కువ అన్నది చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. 2014లో హెల్గా డిట్మార్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు కూడా ఆ సంబంధం కనిపించింది. అది పెద్దదేమీ కాదు, కానీ దాదాపు అంతటా ఉంది. పైగా ఇది రెండు వైపులా నడుస్తుంది. అభద్రతలో ఉన్న మనిషి వస్తువులను పట్టుకుంటాడు, పట్టుకున్న వస్తువులు అభద్రతను తీర్చవు, ఆ లోటు మళ్లీ వస్తువుల వైపే తోస్తుంది. అందుకే "వస్తువులు మానెయ్" అని మందలిస్తే ఎవరూ మారరు. కింద ఉన్న అభద్రత మందలింపుతో పెరుగుతుంది.

వెలితి ఎందుకు తీరదన్న మీ ప్రశ్నకు శరీరంలోనే ఒక సమాధానం ఉంది. నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ 1990ల్లో కోతులతో చేసిన ప్రయోగాల్లో, పండ్ల రసం నోట్లో పడేముందు ఒక సంకేతం ఇస్తూ పోయారు. మొదట్లో రసం అందినప్పుడు మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు స్పందించాయి. అలవాటు పడ్డాక ఆ స్పందన సంకేతం దగ్గరికి జరిగింది, రసం అందే క్షణంలో ఏమీ లేదు. మనుషుల కొనుగోళ్లకు దీన్ని అచ్చంగా అన్వయించలేం కానీ తీరు మాత్రం పరిచితమే. ఆర్డర్ పెట్టినప్పుడు, "బయలుదేరింది", "దగ్గర్లో ఉంది" అన్న సందేశాలు వస్తున్నప్పుడు ఉన్న ఉత్సాహం, పెట్టె విప్పాక రెండో రోజుకు ఉండదు. పెట్టె మూలన పడి ఉంటుంది, చేయి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది. మీరు కొన్నది వస్తువునే, కానీ అనుభవించింది ఎదురుచూపును.

దీనికి తోడు అలవాటు పడిపోవడం ఉంది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం 22 మంది లాటరీ విజేతలను వారి పరిసరాల్లోని మామూలు మనుషులతో పోల్చి చూసింది. విజేతలు ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వారు పొందే ఆనందం తగ్గింది. చిన్న అధ్యయనమే కాబట్టి దాన్నే వేదంగా పట్టుకోనక్కర్లేదు. కానీ పెద్ద సుఖం చిన్న సుఖాల విలువ తగ్గిస్తుందన్న ఆ చివరి మాట గుర్తుపెట్టుకోదగ్గది. మీరు ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నాక పాతదాంతో పాట వినలేకపోవడం ఆ కోవలోదే.

వెలితికి మూడో కారణం గొలుసు. ఫ్రెంచి తత్వవేత్త డెనీ డిడెరో 1769లో దీన్ని నమోదు చేశారు. ఆయనకు కొత్తగా ఎర్రని అంగీ వచ్చింది. దాని పక్కన పాత కుర్చీ వెలవెలబోయింది, కుర్చీ మార్చారు. తరువాత బల్ల, తరువాత గోడకున్న పటాలు. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ ఈ గొలుసుకు డిడెరో పేరే పెట్టారు. ఆదాయం రెట్టింపైనా మిగులు లేకపోవడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం. ఖర్చు పెద్ద వస్తువు దగ్గర ఆగదు, దానికి జోడీలు కావాలి. కొత్త ఇల్లు, కొత్త సోఫా, సోఫాకు తగ్గ తెరలు, తెరలకు తగ్గ దీపాలు. పెద్ద వస్తువు కొనేముందు "దీనివల్ల ఇంకేం పాతబడినట్టు కనిపిస్తాయి?" అని కాగితం మీద రాసి, వాటి ఖరీదు కూడా కలిపి మొత్తం చూడండి. అసలు ధర అది.

సమాజం మీద ప్రభావాలు చాలా రాయొచ్చు. నాకు అన్నిటికంటే తీవ్రంగా కనిపించేవి రెండు. మొదటిది పోటీ కొనుగోలు. పదిమందికీ కనిపించడానికి చేసే ఖర్చును ఆర్థికవేత్త థార్‌స్టెయిన్ వెబ్లెన్ 1899లోనే విడమరిచి చూపారు. అప్పుడు పోలిక పక్కింటితో. ఇప్పుడు పోలిక చేతిలోని తెరతో, అందులో ప్రతి ఒక్కరూ తమ ఏడాదిలోని మంచి రోజులు మాత్రమే పెడతారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతలో కనీసం పొరుగిల్లు ఒక్కటే ఉంది. ఈ పోలికలో గెలుపన్నదే లేదు, అందరూ ఒక మెట్టు ఎక్కితే ఎవరి స్థానమూ మారదు. మారేది పని గంటలూ అప్పులూ మాత్రమే. పిల్లలకు కావాల్సిన సాయంత్రాలు, స్నేహితుల ఇళ్లకు వెళ్లే ఆదివారాలు, నిద్ర, ఇవన్నీ ఆ మెట్టు కిందే పోతాయి. తరువాత ఆ ఒంటరితనాన్ని తీర్చుకోవడానికి మళ్లీ కొనుగోళ్లే.

రెండోది కనిపించని మనుషులు, కనిపించని చెత్త. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్నాయి. ముందురోజే గోడలకు బీటలు కనిపించాయి, కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపనివాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. విదేశాల ఆర్డర్లు గడువుకు అందాలి. ఒక చొక్కా మీద ఉన్న ధర చీటీలో ఈ గడువు ఉండదు. నీళ్లూ ఉండవు. ఒక నూలు టీషర్టు వెనుక సుమారు 2,700 లీటర్ల నీళ్లున్నాయన్నది తరచూ వాడే అంచనా. ఇక చెత్త సంగతికొస్తే, 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పారేసింది. వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే.

ఇక చేయాల్సిన పనులకొద్దాం.

మొదటి వారం ఏమీ మానొద్దు, లెక్క తీయండి. గత 90 రోజుల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకోండి. అద్దె, బిల్లులు, మందులు, పచారీ సామాను వదిలేసి మిగిలిన ప్రతి కొనుగోలుకూ నాలుగు విషయాలు రాయండి. ఏ రోజు, ఏ సమయంలో కొన్నారు, ఆ కోరిక ఎక్కడ మొదలైంది (ప్రకటనా, స్నేహితుడా, అంగడి అద్దమా, అవసరమా), గత నెలలో దాన్ని ఎన్నిసార్లు వాడారు. జ్ఞాపకం మీద రాస్తే తప్పుతుంది, పెద్దవి గుర్తుంటాయి, చిన్నవి జారిపోతాయి. మొత్తాన్ని పెంచేవి తరచుగా ఆ చిన్నవే. రాయడం పూర్తయ్యాక సమయాల వరుసను చూడండి. కొనుగోళ్లు రోజంతా సమానంగా పరుచుకుని ఉండవు, కొన్ని గంటల్లో గుమిగూడి ఉంటాయి. రాత్రి భోజనం తరువాత ఒంటరిగా ఫోన్ చూసే వేళో, జీతం పడిన మర్నాడో, కార్యాలయంలో మాట పడిన రోజో. కాపలా పెట్టాల్సింది ఆ గంటలకే. రోజంతా నిగ్రహించుకోవాల్సిన పనిలేదు.

రెండో వారం వ్యవధిని కట్టండి. ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ దాచిపెట్టిన కార్డు నంబర్లన్నీ తీసేయండి. కొనుగోలు యాప్‌లు తొలగించి, అవసరమైతే బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి కొనే పద్ధతి పెట్టుకోండి. పాస్‌వర్డ్ కూడా దాచొద్దు. ఆఫర్ల ఈమెయిళ్లను తొలగిస్తే చాలదు, రాకుండా ఆపండి. కార్డును వేరే గదిలో పెట్టండి. లేచి వెళ్లి తెచ్చుకుని పదహారు అంకెలు కొట్టడమంటే చిన్న పనే, కానీ "నాకిది కావాలా?" అన్న ప్రశ్న దూరేందుకు ఆ సందు సరిపోతుంది. వీలైనచోట నగదు వాడండి. 2001లో ద్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను వేలం వేసి చూశారు. కార్డుతో కడతామన్నవారు, నగదుతో కట్టాల్సినవారికంటే దాదాపు రెట్టింపు పాడారు. డబ్బు చేతిలోంచి వెళుతున్న నొప్పి మనకు రక్షణ. దాన్ని పోగొట్టుకోకూడదు.

మూడోది నిరీక్షణ పట్టిక. కావాలనిపించిన ప్రతిదాన్నీ తేదీ వేసి, ధర వేసి ఒక నోటుబుక్కులో రాయండి. మీ ఒక రోజు సంపాదన లోపు వస్తువైతే మూడు రోజులు, ఒక వారం సంపాదన లోపైతే 30 రోజులు, అంతకు మించితే 90 రోజులు ఆగండి. గడువు తీరాక చూసి, ఇంకా కావాలనిపిస్తే కొనండి, అందులో తప్పేమీ లేదు. అయితే ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. ఆ పట్టికను ఆన్‌లైన్ అంగళ్ల "కోరికల జాబితా"లో రాస్తారు. అది మీకు గుర్తుచేయడానికీ, ధర తగ్గిందని కబురు పెట్టడానికీ పెట్టిన పట్టిక. ఎదురుచూపును చల్లార్చదు, రాజేస్తుంది. కాగితం మీదే రాయండి.

ధరను గంటల్లోకి మార్చడం బాగా పనిచేస్తుంది, కానీ సరిగా లెక్కేస్తేనే. నెల జీతం 100 పాళ్లు, పని 200 గంటలు అనుకుందాం. 28 పాళ్ల వస్తువు అంటే 56 గంటల పని అనిపిస్తుంది. నిజం అది కాదు. రాకపోకలకు నెలకు 40 గంటలు పోతాయి, ఉద్యోగం వల్లే అయ్యే ఖర్చు (ప్రయాణం, దుస్తులు, బయటి తిండి) 16 పాళ్లు పోతుంది. మిగిలిన 84 పాళ్లను 240 గంటలకు పంచితే గంటకు 0.35. ఆ వస్తువు ఖరీదు 80 గంటలు, అంటే ఎనిమిది గంటల చొప్పున పది రోజులు. మీ గంట విలువను ఒక్కసారి లెక్కేసి ఫోన్ వెనుక చిన్న చీటీ మీద రాసుకోండి.

వాయిదాల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. "వడ్డీ లేని వాయిదా" అన్నచోట ముందుగా అడగాల్సింది, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని. 100 వస్తువును నగదుకు 94కు ఇస్తూ, 12 వాయిదాల్లో మాత్రం 100 వసూలు చేస్తే ఆ తేడా 6 శాతం కాదు. మీరు అప్పుగా వాడుకుంటున్న సొమ్ము నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి అసలు వడ్డీ ఏడాదికి సుమారు 12 శాతం. ప్రాసెసింగ్ రుసుము ఉంటే ఇంకా ఎక్కువ. కార్డు బకాయి అంతకంటే ప్రమాదకరం. నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది, చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం అవుతుంది. కనీస చెల్లింపు 5 శాతం మాత్రమే కడుతూ పోతే ఏం జరుగుతుందో చూడండి. 100 బకాయి మీద మొదటి నెల 3 వడ్డీ కలిసి 103, అందులో 5.15 కడతారు, అప్పు తగ్గింది 2.15 మాత్రమే. కొత్తగా ఏమీ కొనకపోయినా బకాయి సగానికి రావడానికి 32 నెలలు, పదోవంతుకు రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఆ కార్డు మీద కొత్త ఖర్చు పూర్తిగా ఆపాలి. తరువాత మిగిలిన అప్పులన్నిటికీ కనీసం కడుతూ, వడ్డీ ఎక్కువ ఉన్నదాని మీద మిగులంతా వేయాలి. అది తీరాక ఆ వాయిదా సొమ్మును ఖర్చులోకి వదలకుండా తరువాతి అప్పు మీదికి మళ్లించాలి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలామంది జారుతారు. ఒక అప్పు తీరగానే చేతిలో డబ్బు ఆడినట్టుంటుంది, కొత్త వాయిదా మొదలవుతుంది.

కొనక తప్పనివాటిని ఎలా కొనాలన్నదీ ముఖ్యమే. బట్ట తీసుకుంటే వెలుతురుకెదురుగా పట్టి చూడండి, నేత ఒకచోట పలచగా ఒకచోట దళసరిగా ఉంటే త్వరగా చిరుగుతుంది. అతుకు దగ్గర రెండు వైపులా మెల్లగా లాగండి, దారాల మధ్య సందు కనిపిస్తే వదిలేయండి. అంగుళానికి పది పన్నెండు కుట్లున్న అతుకు సాధారణంగా నిలుస్తుంది, ఆరేడు ఉన్నది ఉతుకుల్లో విడిపోతుంది. లోపలి వైపు తిప్పి, మడతలో అదనపు గుడ్డ వదిలారో లేదో చూడండి. లేకపోతే తరువాత వదులు చేసుకోవడం కుదరదు. చేత్తో గట్టిగా రుద్దితే నూగు లేచే బట్ట నెలలోపు ఉండలు కడుతుంది, పొట్టి పీచుతో చేసిన నూలుకు ఆ లక్షణం ఉంటుంది. నూలూ పాలియెస్టరూ కలిసిన బట్టను విడదీసి మళ్లీ దారం చేయడం కష్టం కనుక, "రీసైకిల్‌కు ఇస్తాంలే" అన్న ధీమాతో కొనొద్దు. పాత బట్టల్లోని పీచు తిరిగి కొత్త బట్టగా మారేది 1 శాతం కంటే తక్కువేనన్నది నిపుణుల అంచనా.

యంత్రాలకు అడగాల్సిన ప్రశ్నలు వేరు. వాషింగ్ మెషీన్ కొంటే, డ్రమ్ చుట్టూ ఉండే తొట్టి బోల్టులతో బిగించిందా, అతికించేసిందా అని అడగండి. బోల్టులదైతే బేరింగ్, సీల్ పాడైనప్పుడు అవి రెండే మార్చుకోవచ్చు. అతికించినదైతే చిన్న బేరింగ్ కోసం తొట్టి మొత్తం మార్చాలి. ఆ ఖర్చు చూసి జనం మెషీనే మార్చేస్తారు. ఫోన్‌కు బ్యాటరీ మార్పు ఖర్చు ఎంత, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారు అన్న రెండూ కెమెరాకంటే ముందు చూడాలి. చాలా ఫోన్ల బ్యాటరీ సుమారు 500 నుంచి 1,000 పూర్తి ఛార్జింగ్‌ల తరువాత మొదటి సామర్థ్యంలో 80 శాతానికి వస్తుంది. "ఫోన్ ముసలిదైపోయింది" అని చెప్పేవారిలో చాలామంది ఫోన్లకు ముసలితనం వచ్చింది బ్యాటరీకే. వేడిలో వదలకుండా, రోజూ పూర్తిగా అడుగంటనివ్వకుండా, వీలైనప్పుడు 80 శాతం దగ్గర ఆపితే ఆయుష్షు పెరుగుతుంది. ఫోన్ వల్ల వెలువడే కర్బన వాయువుల్లో అధిక భాగం తయారీలోనే వెలువడుతుంది కాబట్టి, రెండేళ్లకు బదులు నాలుగేళ్లు వాడితే ఏడాదికి పడే ఆ భారం సగమవుతుంది.

"ఒక్కో వాడకానికి ఎంత పడింది" అన్న లెక్క మంచిదే. 3 పాళ్ల చెప్పులు 600 రోజులొస్తే రోజుకు 0.005, ఒక పాలు ఖరీదు చేసే చెప్పులు 120 రోజులొస్తే రోజుకు 0.0083. ఖరీదైనవే చవక. కానీ ఇదే లెక్క ఖరీదైన ప్రతిదానికీ సాకుగా మారుతుంది. ఎన్నిసార్లు వాడతారన్నది ఊహించి వేయకండి, అలాంటిదే ఇంట్లో ఉన్నదాన్ని గత ఏడాది ఎన్నిసార్లు వాడారో ఆ సంఖ్య వేయండి.

ఇప్పుడు, ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఉత్సాహంతో ఇల్లంతా ఒకేసారి ఖాళీ చేయడం. పదిహేను సంచులు బయటికి పోతాయి, ఇల్లు తేలికవుతుంది, రెండు మూడు నెలల్లో మళ్లీ నిండుతుంది. ఎందుకంటే లోపలికి వచ్చే దారి మూయలేదు. పైగా ఖాళీ అల్మారాను చూస్తే సర్దడానికి డబ్బాలూ పెట్టెలూ కొనాలనిపిస్తుంది. ముందు మూడు నెలలు రాకను తగ్గించి, తరువాతే ఖాళీ చేయండి. అదీ ఒక్క సొరుగుతో మొదలుపెట్టండి. ఛార్జర్లు, తీగలు పడేసే సొరుగు ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని బల్ల మీద గుమ్మరించి, ఒక్కో తీగనూ అది పనిచేసే పరికరానికి తగిలించి చూడండి. జంట దొరకనివి ఎన్నో, ఒకేరకానివి ఎన్నో లెక్కించి, సొరుగు లోపలి చెక్క మీద చీటీ అంటించండి. తరువాత ఇంకో కేబుల్ కొనబోయేముందు ఆ చీటీ తెరిచి చూస్తే చాలు.

రెండో పొరపాటు, పొదుపు జీవితానికే సామాను కొనడం. పాత సీసాలు ఇంట్లో ఉండగా "పర్యావరణ హితం" అని రాసిన కొత్త సీసాలు కొనడం ఇలాంటిదే. నూలు సంచీ తయారీకీ వనరులు కావాలి, దాన్ని వందలసార్లు వాడితేనే ప్రయోజనం, పది సంచులు పోగేస్తే నష్టమే. మూడోది, ఒకచోట మిగిల్చి ఇంకోచోట ధారపోయడం. 1865లో బ్రిటన్ ఆర్థికవేత్త విలియం జెవన్స్ బొగ్గు విషయంలో దీన్ని గమనించారు, యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక దేశంలో బొగ్గు వాడకం పెరిగింది. ఇంట్లోనూ అంతే. మిగిలిన సొమ్ముకు ముందే ఒక చోటు చూపించకపోతే అది తన దారి తాను వెతుక్కుంటుంది. అప్పు తీర్చడానికో, అత్యవసర నిధికో జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి.

నాలుగోది ఇంట్లో గొడవ. మీకు జ్ఞానోదయమైందని మిగతావారి అలమరలు మీరు ఖాళీ చేయొద్దు. ఇద్దరికీ చెరి కొంత, లెక్క అడగని సొమ్ము ఉంచుకోండి. ఉమ్మడి ఖర్చుకే నిరీక్షణ పట్టిక వర్తిస్తుందని ముందే ఒప్పందం చేసుకోండి. పిల్లలకు "డబ్బుల్లేవు" అని అబద్ధం చెప్పకుండా "ఈ నెల దీనికి ఖర్చు పెట్టకూడదనుకున్నాం" అని చెప్పండి. మొదటి మాట భయం నేర్పుతుంది, రెండోది ఎంచుకోవడం నేర్పుతుంది. చిన్నపిల్లలకు ప్రకటనకూ కార్యక్రమానికీ మధ్య తేడా తెలియదు. స్వీడన్ 12 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన టీవీ ప్రకటనలను నిషేధించింది అందుకే. వారి పక్కన కూర్చుని "వీళ్లు మన చేత ఏం చేయించాలనుకుంటున్నారు?" అని అడుగుతూ చూస్తే నాలుగైదు ప్రకటనలకే వాళ్లే పసిగట్టడం మొదలుపెడతారు.

ఒక సంగతి వేరుగా చెప్పాలి. కొన్నవి దాచిపెట్టడం, ధర గురించి ఇంట్లో అబద్ధమాడటం, పెట్టెలు విప్పకుండానే పోగుపడటం, అప్పు మీద అప్పు చేయడం, ఆపాలని పదేపదే ప్రయత్నించి ఆపలేకపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే పట్టికలూ లెక్కలూ సరిపోవు. అది చికిత్స అవసరమైన స్థితి, దిగులు లేదా ఆందోళన వెనుక ఉండే అవకాశం ఎక్కువ. మానసిక వైద్యులను కలవడంలో ఆలస్యం చేయొద్దు, ఈలోగా కార్డులు నమ్మకమైన మనిషి చేతిలో పెట్టండి.

ఇంటి గడప లోపల చేసేదానికి ఒక హద్దుంది. వస్తువు బాగుచేయలేనట్టు తయారైతే, ఎంత నిగ్రహం ఉన్నా కొత్తది కొనక తప్పదు. అందుకే చట్టాల వైపు కూడా చూడాలి. ఫ్రాన్స్ 2015లో, కావాలని వస్తువు ఆయుష్షు తగ్గించడాన్ని నేరం చేసింది. 2021 జనవరి నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల వంటివాటి మీద, ఎంత సులువుగా బాగుచేయొచ్చో పదికి ఇన్ని మార్కులని అంగట్లోనే చూపించాలని నిబంధన పెట్టింది. విడదీయడం ఎంత తేలిక, విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయి, వాటి ధర ఎంత, మరమ్మతు పత్రాలు ఇస్తారా అన్నవి చూసి ఆ మార్కులు వేయాలన్నది ఆ నిబంధన. 2024లో ఐరోపా సమాఖ్య మరమ్మతు హక్కు చట్టం చేసింది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2007లో వీధుల్లోని ప్రకటన బోర్డులన్నీ తీయించేసింది. మార్టినా పోస్ట్‌మా 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరమ్మతు సమావేశం మొదలుపెట్టారు. పాడైన వస్తువు తెచ్చుకుంటే, తెలిసినవారు పక్కన కూర్చుని బాగుచేయడం నేర్పుతారు. ఇప్పుడు అలాంటివి చాలా దేశాల్లో నడుస్తున్నాయి. నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, కుట్టుమిషన్ ఒకటి, నెలకు ఒక మధ్యాహ్నం ఉంటే మీ అపార్ట్‌మెంట్‌లోనే పెట్టుకోవచ్చు. మెయిన్స్ కరెంటుతో నడిచే పరికరాలు విప్పేటప్పుడు మాత్రం ప్లగ్ తీసి, కెపాసిటర్‌ (విద్యుత్తును నిలవ ఉంచే భాగం) డిశ్చార్జ్ చేయడం తెలిసిన మనిషి తప్పకుండా ఉండాలి. మైక్రోవేవ్ ఓవెన్‌ను అక్కడ విప్పనివ్వకండి, ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలవ ఉండవచ్చు.

ముందుగా ఆ 90 రోజుల స్టేట్‌మెంట్ తీయండి. లెక్క రాశాక ఏ గంటల్లో కొనుగోళ్లు గుమిగూడాయో, మొత్తంలో వాయిదాల వాటా ఎంతో ఇక్కడ చెబితే, మీ విషయంలో మొదట ఏది మూయాలో దాన్నిబట్టి చెప్పగలను.